ఒకే చెరువు, వంద ఆయకట్లు: లైనక్స్‌లో కంపెనీల పొత్తు, పోరు

2017 డిసెంబర్ 26. చాలామంది పండగ సెలవుల్లో ఇళ్ల దగ్గర ఉన్న రోజు. ప్రాసెసర్లు తయారుచేసే ఏఎమ్‌డీలో పనిచేసే ఇంజినీరు ఒకరు లైనక్స్ కెర్నెల్ డెవలపర్లకు చిన్న ప్యాచ్ పంపారు. కెర్నెల్ అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ, ప్రోగ్రాములకూ యంత్రానికీ మధ్య ఉండే కోడ్. ప్యాచ్ అంటే కోడ్‌లో ఏ లైను తీసి ఏ లైను పెట్టాలో చెప్పే చీటీ లాంటిది. ఈ చీటీలో మారిన లైన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్స్86 ప్రాసెసర్లు (ఇంటెల్, ఏఎమ్‌డీ చేసే రకం) అన్నిటికీ భద్రత లోపం ఉన్నట్టే అనుకుందాం అని అప్పటికి కెర్నెల్‌లో రాసి ఉంది. ఏఎమ్‌డీ ప్యాచ్ దానికి ఒక షరతు తగిలించింది: ప్రాసెసర్ ఏఎమ్‌డీది కాకపోతేనే అలా అనుకోవాలి.

ఆ షరతు వెనక చాలా డబ్బు ఉంది. తర్వాత వారానికే ప్రపంచమంతా మార్మోగిన మెల్ట్‌డౌన్ లోపం గురించే ఆ కోడ్. ఇంటెల్ ప్రాసెసర్ల మీద నడిచే మామూలు ప్రోగ్రాం ఒకటి, తనకు సంబంధం లేని కెర్నెల్ మెమరీలోకి తొంగిచూసి రహస్యాలు లాగేయగలదని పరిశోధకులు కనిపెట్టారు. అడ్డుకట్టగా కెర్నెల్ మెమరీ పట్టికలను ప్రోగ్రాముల పట్టికల నుంచి విడదీశారు. దీనివల్ల ప్రోగ్రాం కెర్నెల్‌ను పలకరించిన ప్రతిసారీ పట్టికలు మార్చుకోవాలి, అంటే వేగం తగ్గుతుంది. ఈ మందు అందరికీ ఒకే మోతాదులో వేస్తే, ఆ జబ్బే లేని ఏఎమ్‌డీ చిప్‌లు కూడా నెమ్మదిస్తాయి. పోటీదారు తప్పుకు తమ కస్టమర్లు ఎందుకు నష్టపోవాలన్నది ఏఎమ్‌డీ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ప్యాచ్‌ను తీసుకున్నారు. అయితే ప్యాచ్‌తో పాటు రాసిన వివరణలో అసలు లోపం ఎక్కడుందో పసిగట్టగలిగినంత సమాచారం ఉంది. జనవరి 9 దాకా గుట్టుగా ఉంచాలనుకున్న విషయం జనవరి 3కే బయటపడటానికి అదీ ఒక కారణమైంది.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించేది ఆ లోపం కాదు, ఆ ఫైలు. ఇంటెల్ జీతం తీసుకునేవాళ్లు, ఏఎమ్‌డీ జీతం తీసుకునేవాళ్లు, గూగుల్, అమెజాన్ మనుషులు, లైనక్స్ అమ్మే రెడ్ హ్యాట్, సూసే మనుషులు, అందరూ రాసేది ఆ కెర్నెల్‌లోనే. మార్కెట్లో ఒకరి వాటా ఒకరు లాక్కునే కంపెనీలు. అలాంటివాళ్లు ఏళ్ల తరబడి ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కలిసి ఎలా కడుతున్నారు?

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సోర్స్ గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడల్లా పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. "ఊరికే ఎందుకిస్తారు సార్?" అంటారు. ఎక్కువమంది మనసులో ఉండే జవాబు సేవ, ఔదార్యం. నేను ఆ జవాబు చెప్పను. ఈ పొత్తును నిలబెట్టింది ఎవరి మంచితనమూ కాదని నా నమ్మకం. దాచుకోవడం కంటే పంచుకోవడం చవకయ్యేలా కొన్ని నియమాలు కుదిరాయి. ఆ నియమాలు ఎంతవరకు పారితే పొత్తు అంతవరకే. అవి ఆగిపోయిన చోట పోరు మొదలవుతుంది.

ముందు ఎవరు రాస్తున్నారో చూద్దాం. లైనక్స్ ఫౌండేషన్ 2017లో ఇచ్చిన లెక్క ప్రకారం, 2005 నుంచి అప్పటిదాకా 1,400కు పైగా కంపెనీల నుంచి దాదాపు 15,600 మంది డెవలపర్లు కెర్నెల్‌కు కోడ్ ఇచ్చారు. ఆ నివేదిక లెక్కగట్టిన కాలంలో ఇంటెల్ వాటా 13.1 శాతం, రెడ్ హ్యాట్‌ది 7.2 శాతం. ఐబీఎమ్, శామ్‌సంగ్, సూసే, గూగుల్, ఏఎమ్‌డీ వరుసగా ఉన్నాయి. జీతం లేకుండా సొంత ఆసక్తితో రాసినవాళ్ల వాటా 8.2 శాతం. 1991లో ఫిన్లాండ్‌లో ఒక విద్యార్థి సరదాగా మొదలుపెట్టిన పని, ఇప్పుడు పనివేళల్లో, జీతాలతో, మేనేజర్ల లెక్కల మధ్య జరుగుతోంది.

చెరువు నియమాలు

మన ఊళ్లలో చెరువు ఎలా నడిచేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆయకట్టు రైతులంతా కలిసి పూడిక తీయాలి, కట్ట గట్టిపరచాలి. తూము దగ్గర నీరటి ఉంటాడు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో అతను చెబుతాడు. పంట అమ్ముకునే దగ్గర ఎవరికి వారే. కెర్నెల్ కూడా దాదాపు ఇంతే.

మొదటి నియమం లైసెన్స్. 1992లో టోర్వాల్డ్స్ లైనక్స్‌ను జీపీఎల్ కిందికి మార్చారు. ఈ కోడ్ తీసుకుని మార్చి, మార్చినదాన్ని ఎవరికైనా ఇస్తే, ఆ మార్పుల సోర్స్ (మనిషి చదివి మార్చగలిగే కోడ్) కూడా వాళ్లకు ఇవ్వాలి. బీఎస్‌డీ అనే మరో రకం ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఈ షరతు లేదు. తీసుకుని మూసేసుకున్నా అడిగేవాళ్లుండరు. కంపెనీల కోణంలో జీపీఎల్ ఒక భరోసా. నేను రాసిన కోడ్‌ను నా పోటీదారు వాడుకోవచ్చు, సరే. కానీ దాని మీద వాడు కట్టిన మార్పులను మూసేసి నా మీదే అమ్మలేడు. 2001లో లైనక్స్ మీద వంద కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని ఐబీఎమ్ ప్రకటించినప్పుడు, ఆ డబ్బుకు ఇంత రక్షణ ఉంది.

రెండో నియమం లెక్కాపత్రం. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ, లైనక్స్‌లో తమ యూనిక్స్ సొత్తు చేరిందంటూ ఐబీఎమ్ మీద దావా వేసింది. ఆ గొడవ ఏళ్ల తరబడి సాగింది. దాని దెబ్బకు 2004లో ఒక పద్ధతి వచ్చింది. ప్రతి ప్యాచ్ చివర రాసినవాళ్ల పేరుతో సంతకం లైను ఉండాలి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పడమే ఆ సంతకం. ప్యాచ్ ఎవరెవరి చేతుల మీదుగా వెళ్తే వాళ్లంతా సంతకం చేస్తారు. ఏ పాత మార్పు తీసి చూసినా కింద రెండు మూడు సంతకాలు, చాలాసార్లు రెండు మూడు వేర్వేరు కంపెనీల చిరునామాలు కనిపిస్తాయి.

2005లో ఐబీఎమ్, నోవెల్, ఫిలిప్స్, రెడ్ హ్యాట్, సోనీ కలిసి ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్ పెట్టాయి. పేటెంట్లతో లైనక్స్ మీద ఒకరినొకరు పొడుచుకోబోమన్న ఒప్పందం అది.

అన్నిటికంటే బలమైన నియమం మాత్రం లైసెన్స్ కాగితంలో లేదు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు స్థిరంగా ఉంటాయని ఎవరూ మాటివ్వరు. తొమ్మిది, పది వారాలకొక కొత్త వెర్షన్ వస్తుంది, లోపల ఏదైనా మారొచ్చు. మీ డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే కోడ్) కెర్నెల్ చెట్టులోనే, అంటే కెర్నెల్ కోడ్ అంతా ఉండే చోటే ఉంటే, ఆ ఫంక్షన్ మార్చినవాళ్లే మీ డ్రైవర్‌నూ సరిచేస్తారు. బయట ఉంటే ఆ పాట్లన్నీ మీవే.

దీన్ని నేను ఒక వైఫై డాంగిల్ దగ్గర నేర్చుకున్నాను. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ కోసం కొన్నది, వేలెడంత ఉంటుంది. దాని డ్రైవర్ కెర్నెల్‌లో లేదు. తయారీదారు ఎప్పుడో ఒక జిప్ ఫైలు ఇచ్చి వదిలేశాడు. కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఇంటర్నెట్ పోయేది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ తెచ్చుకుని, డ్రైవర్ మళ్లీ కంపైల్ చేయబోతే ఏదో ఒక ఫంక్షన్ పేరు మారిపోయి ఎర్రర్లు. ఒకసారి పాప ఆన్‌లైన్ పరీక్షకు గంట ముందు ఇలా జరిగి ఇంట్లో అందరికీ టెన్షన్. నాకు ఒక్క డాంగిల్. కోట్ల పరికరాలు అమ్మే కంపెనీకి అదే బాధ కోట్ల రెట్లు. అందుకే ఆ కంపెనీలో ఎవరో ఒక మేనేజర్ ఏదో ఒక రోజు లెక్క వేసుకుని, కోడ్‌ను పైకి, అంటే అసలు కెర్నెల్‌కు పంపేయండి అంటాడు.

గూగుల్‌కు కూడా కాదన్న నీరటి

లెక్క వేసుకోవడానికి గూగుల్‌కే కొన్నేళ్లు పట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లో బ్యాటరీ ఆదా కోసం గూగుల్ ఇంజినీర్లు వేక్‌లాక్ అనే పద్ధతి పెట్టారు. పని లేకపోతే ఫోన్ నిద్రపోవాలి, ఏదైనా యాప్ వేక్‌లాక్ పట్టుకుని ఉన్నంతసేపు నిద్రపోకూడదు. ఫోన్‌కు బ్రహ్మాండంగా పనికొచ్చింది. కానీ దాన్ని సొంత చెట్టులో కట్టేసుకుని, తర్వాత అసలు కెర్నెల్‌కు తెచ్చారు. పవర్ మేనేజ్‌మెంట్ చూసేవాళ్లు ఒప్పుకోలేదు. సర్వర్లకు, ల్యాప్‌టాప్‌లకు ఇది ఎలా పొసుగుతుంది, ఇదే పని ఇంకో తీరుగా చేయలేమా అని నెలల తరబడి వాదన. అందరూ వాడే కెర్నెల్‌లో ఫోన్ల కోసమే ఒక మార్గం తవ్వితే మిగతావాళ్లకు చిక్కు. ఫోన్ వాళ్ల అవసరమూ నిజమే. ఎవరి వాదనా తీసిపారేసేది కాదు.

2009లో కెర్నెల్‌లో తాత్కాలికంగా చేర్చిన ఆండ్రాయిడ్ కోడ్‌ను, చూసుకునేవాళ్లు లేరంటూ 2010 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.33 వెర్షన్‌లో తీసేశారు. తీసేసిన గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ దాని కారణాలను బహిరంగంగా రాశారు. గూగుల్ వేరు చెట్టు పెంచుకుంటే, ఆండ్రాయిడ్ కోసం చిప్ కంపెనీలు రాసే డ్రైవర్లన్నీ ఆ చెట్టుకే అంటుకుపోతాయి, అసలు కెర్నెల్‌కు రావు అన్నది ఆయన బాధ. ఆ తర్వాత పవర్ మేనేజ్‌మెంట్ చూసే రఫాల్ విసోట్‌స్కీ అదే అవసరాన్ని కెర్నెల్‌కు నప్పేలా వేరే తీరులో తీర్చారు. 2012 మార్చిలో వచ్చిన 3.3 వెర్షన్‌తో ఆండ్రాయిడ్ కోడ్ తిరిగి లోపలికి రావడం మొదలైంది. అదే ఏడాది జులైలో 3.5లో వేక్‌లాక్‌కు సరిపోయే ఏర్పాటూ వచ్చింది. అప్పటినుంచి గూగుల్ దారి క్రమంగా మారింది. ఇప్పుడు ఫోన్ తయారీదారులు ఒకే సాధారణ కెర్నెల్ వాడాలని, కొత్త కోడ్ ముందు పైకి పంపాలని గూగులే పట్టుబడుతోంది. వేరు చెట్టు ఎంత బరువో మోసినవాళ్లకే తెలుసు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 2016 డిసెంబర్‌లో ఏఎమ్‌డీ తన కొత్త గ్రాఫిక్స్ చిప్‌ల డిస్‌ప్లే కోడ్ తెచ్చింది, దాదాపు లక్ష లైన్లు. విండోస్ డ్రైవర్‌తో కలిపి వాడుకోవడానికి వీలుగా మధ్యలో సొంత పొర ఒకటి పెట్టుకున్నారు. గ్రాఫిక్స్ భాగానికి మెయింటెయినర్, అంటే అందులోకి ఏది రావాలో తేల్చే మనిషి, డేవ్ ఎయిర్లీ, రెడ్ హ్యాట్ ఉద్యోగి. కుదరదన్నారు. మీ సౌకర్యం కోసం పెట్టిన పొరను రేపు మేమంతా మోయాలి అన్నది ఆయన వాదన సారాంశం. ఏఎమ్‌డీ వాళ్లకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించండి. చిప్‌లు మార్కెట్లోకి రావాలి, విండోస్‌కు సిద్ధంగా ఉన్న కోడ్ చేతిలో ఉంది. అయినా ఏడాదికి పైగా కూర్చుని మార్చారు. 2018 జనవరిలో వచ్చిన 4.15 వెర్షన్‌లో అది చేరింది. ఈరోజు లైనక్స్ మీద ఆటలాడేవాళ్లు ఏఎమ్‌డీ కార్డులను మెచ్చుకుంటున్నారంటే, ఆ కాదనడంలో దాని పునాది కొంత ఉందని నేననుకుంటాను.

కాదనగలిగే అధికారం ఆ మనిషిది, ఆయన కంపెనీది కాదు. మెయింటెయినర్ ఉద్యోగం మారినా బాధ్యత ఆయనతోనే వెళ్తుంది. టోర్వాల్డ్స్‌కు 2003 నుంచి జీతం ఇస్తున్నది ఏ అమ్మకందారూ కాదు. ముందు ఓఎస్‌డీఎల్ అనే సంస్థ, అది 2007లో కలిసిపోయాక లైనక్స్ ఫౌండేషన్. ఆ ఫౌండేషన్‌కు చందాలిచ్చేది మళ్లీ ఈ కంపెనీలే. నీరటికి ఊరంతా కలిసి గింజలు కొలిచినట్టు.

మైక్రోసాఫ్ట్ కథ చాలామందికి తెలుసు, అందుకే క్లుప్తంగా. 2001లో దాని అధిపతి స్టీవ్ బామర్ లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. 2009 జులైలో అదే కంపెనీ హైపర్-వీ (ఒకే యంత్రంలో పలు సిస్టమ్‌లు నడిపే దాని సాఫ్ట్‌వేర్) డ్రైవర్ల కోడ్ 20,000 లైన్లు జీపీఎల్ కింద ఇచ్చింది. అంతకుముందే ఆ డ్రైవర్‌లో జీపీఎల్ భాగాలు మూసిన కోడ్‌తో కలిసి ఉన్నాయని స్టీఫెన్ హెమింగర్ అనే డెవలపర్ పట్టుకున్నారు. 2012 నాటికి కెర్నెల్‌కు కోడ్ ఇచ్చే కంపెనీల్లో మైక్రోసాఫ్ట్ 17వ స్థానంలో ఉంది. 2014లో హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల, మైక్రోసాఫ్ట్‌కు లైనక్స్ అంటే ప్రేమ అని వేదికెక్కి చెప్పారు. 2018లో తన 60,000 పేటెంట్లతో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. మనసు మారడం కంటే ముందు వ్యాపారం మారింది. అద్దెకిచ్చే క్లౌడ్ సర్వర్లలో కస్టమర్లు లైనక్స్ అడుగుతుంటే, అది తమ దగ్గర బాగా నడవకపోతే వాళ్లు అమెజాన్‌కు పోతారు.

నియమం ఆగిన చోట

ఇప్పటిదాకా చెప్పింది కెర్నెల్ లోపలి మాట. దాని చుట్టూ ఉన్నవాటికి, అంటే బ్రాండు పేరుకు, సపోర్ట్ ఒప్పందానికి, యాప్ స్టోరుకు జీపీఎల్ వర్తించదు. పోరంతా అక్కడికి చేరింది.

రెడ్ హ్యాట్ ఏం అమ్ముతుందో చూడండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 వెర్షన్ 2014లో 3.10 కెర్నెల్‌తో వచ్చింది, 2024 జూన్ దాకా దానికి మామూలు సపోర్ట్ నడిచింది. పదేళ్లలో కెర్నెల్ ఎక్కడికో వెళ్లిపోయింది. బ్యాంకు సర్వర్‌లో మాత్రం అదే 3.10. కొత్తగా బయటపడిన ప్రతి లోపానికీ సవరణను ఆ పాత కోడ్‌కు సరిపడేలా కత్తిరించి కుట్టాలి. దాన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. ఇది విసుగు పుట్టించే పని, నైపుణ్యం కావాల్సిన పని. కస్టమర్లు డబ్బు కట్టేది దానికి.

ఆ సోర్స్ బయట దొరుకుతుంది కాబట్టి సెంటోస్ అనే ఉచిత ప్రతిరూపం పుట్టింది. 2006లో ఒరాకిల్ అదే సోర్స్‌తో సొంత లైనక్స్ తెచ్చి, రెడ్ హ్యాట్ కంటే తక్కువ ధరకు సపోర్ట్ ఇస్తామంది. అప్పటినుంచి ఒకటే దాగుడుమూతలు. 2011లో రెడ్ హ్యాట్ తన కెర్నెల్ ప్యాచ్‌లను విడివిడిగా ఇవ్వడం మానేసి, అన్నీ కలిపేసిన ఒకే ముద్దగా ఇవ్వసాగింది. ఏది ఎందుకు మారిందో పోటీదారుకు సులభంగా తెలియకూడదని. 2014లో సెంటోస్‌ను తన గూటిలోకి తెచ్చుకుంది. 2019 జులైలో ఐబీఎమ్ 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌ను కొనేసింది. ఆ కొనుగోలుకు రూపశిల్పి అరవింద్ కృష్ణ, పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన తెలుగువారు, మరుసటి ఏడాదే ఐబీఎమ్ అధిపతి అయ్యారు.

2020 డిసెంబర్‌లో బాంబు పేలింది. 2029 దాకా ఉంటుందని జనం నమ్ముకున్న సెంటోస్ 8ను 2021 ఆఖరుకే ఆపేస్తామన్నారు. దాని చోటును నింపడానికి రాకీ లైనక్స్, ఆల్మాలైనక్స్ పుట్టాయి. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ ఇంకో అడుగు వేసింది. అసలు ఉత్పత్తి సోర్స్‌ను అందరికీ కనిపించేలా పెట్టడం ఆపి, కస్టమర్లకే పరిమితం చేసింది. జీపీఎల్ ప్రకారం ఇది చెల్లుతుందా? బైనరీ, అంటే నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం, అందుకున్నవాళ్లకు సోర్స్ ఇస్తే చాలని లైసెన్స్ అంటుంది. లోకమంతటికీ పంచమని అనదు. ఆ కస్టమర్ సోర్స్‌ను ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఆ హక్కు లైసెన్స్ ఇచ్చింది. కానీ అలా ఇస్తే సపోర్ట్ ఒప్పందం రద్దు చేస్తామని కంపెనీ అంటే? లైసెన్స్ అక్కడ మౌనంగా ఉంటుంది. ఆగస్టులో ఒరాకిల్, సూసే, రాకీ వెనకున్న సీఐక్యూ కలిసి ఓపెన్‌ఈఎల్‌ఏ అనే కూటమి కట్టాయి. సూసే, రెడ్ హ్యాట్‌లది దశాబ్దాల పోటీ.

నా అభిప్రాయం అడిగితే, రెండు సంగతులను విడదీసి చూడాలి. కెర్నెల్‌కు అంత పని చేసి ఇచ్చే కంపెనీ, తన బ్యాక్‌పోర్ట్ శ్రమను పోటీదారు యథాతథంగా అమ్ముకోవడాన్ని అడ్డుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. సెంటోస్ 8 విషయంలో చేసింది వేరు. పదేళ్లని నమ్మి సర్వర్లు ఎక్కించుకున్నవాళ్లకు ఏడాది గడువిచ్చి వెళ్లిపొమ్మనడం మాట తప్పడమే. దానికి ఏ వ్యాపార కారణమూ సమాధానం కాదు.

ఆండ్రాయిడ్ దగ్గర గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కెర్నెల్ జీపీఎల్, దాని పైన ఉన్న ఆండ్రాయిడ్ మూల కోడ్ కూడా ఓపెన్. ప్లే స్టోర్, మ్యాప్స్, యూట్యూబ్ మాత్రం గూగుల్ సొంతం. అవి కావాలంటే ఒప్పందాలు చేసుకోవాలి. ఆండ్రాయిడ్‌ను తమకు నచ్చినట్టు చీల్చి వేరే ఫోన్ అమ్మబోమని కంపెనీలు సంతకం పెట్టాల్సి వచ్చేది. 2012 సెప్టెంబర్‌లో ఏసర్, అలీబాబా వాళ్ల అలియున్ ఓఎస్‌తో ఫోన్ విడుదల చేయబోయి ఆఖరి నిమిషంలో ఆపేసింది, ఈ ఒప్పందం వల్లే. కోడ్ అందరిదీ, కానీ దాన్ని వాడుకునే స్వేచ్ఛకు తాళం ఇంకో గదిలో ఉంది.

మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో ఈ తాళం గురించే తీర్పు చెప్పి, గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలు పక్కన పెట్టినా జరిమానాను ఖాయం చేసింది.

హువావే కథ ఈ గీతను కత్తితో గీసినట్టు చూపిస్తుంది. 2019 మేలో అమెరికా ప్రభుత్వం ఆ కంపెనీని ఆంక్షల జాబితాలో పెట్టింది. కొత్త ఫోన్లకు గూగుల్ యాప్‌లు ఆగిపోయాయి. సెప్టెంబర్‌లో వచ్చిన మేట్ 30 ప్లే స్టోర్ లేకుండానే బయటికొచ్చింది, చైనా బయట వాళ్ల ఫోన్ల అమ్మకం కుప్పకూలింది. కానీ ఆ ఫోన్‌లో నడిచింది ఆండ్రాయిడే. ఓపెన్ భాగాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేకపోయారు.

పూడిక ఎవరు తీయాలి

మెల్ట్‌డౌన్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే కలిసి పనిచేసే అలవాటు ఎంత సులభంగా తెగిపోతుందో అక్కడే కనిపించింది. లోపం గురించి ఇంటెల్‌కు 2017 జూన్‌లోనే తెలుసు. ఆ తర్వాతి నెలల్లో రెడ్ హ్యాట్, సూసే, ఉబుంటు లైనక్స్ తయారుచేసే కెనానికల్ లాంటివాళ్లతో విడివిడిగా మాట్లాడారు తప్ప, వీళ్లను ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వలేదు. ఫలితంగా ఒకే జబ్బుకు తలా ఒక మందు తయారైంది. వాటిని ఒక్కటి చేయడానికి జనవరిలో ఇంజినీర్లు నిద్ర మానుకోవాల్సి వచ్చింది. దీని మీద క్రోహ్-హార్ట్‌మన్ 2018లో బహిరంగంగానే కోప్పడ్డారు. తర్వాత కెర్నెల్ వాళ్లు హార్డ్‌వేర్ లోపాల కోసం ప్రత్యేక పద్ధతి రాసుకున్నారు: గుట్టు ఉంచుతాం, కానీ ఏ కంపెనీవాళ్లయినా సరే, సరిచేయగలిగిన మనిషిని పిలిచే హక్కు మాకుండాలి. ఆ తర్వాత వచ్చిన ప్రాసెసర్ లోపాల్లో ఇంత గందరగోళం జరగలేదు.

ఇప్పుడు నన్ను ఆలోచనలో పడేస్తున్నది వేరు. తన చిప్‌కు డ్రైవర్ రాయడానికి ప్రతి కంపెనీ మనుషులను పెడుతుంది. అవతలివాళ్ల ప్యాచ్ చదివి తప్పులు పట్టడానికి ఎవరు పెడతారు? పాత వెర్షన్లను చూసుకోవడానికి? ఈ పనుల వల్ల అందరికీ లాభమే, కానీ ఏ ఒక్కరి ఖాతాలోనూ ఆ లాభం కనిపించదు. దీర్ఘకాల సపోర్ట్ వెర్షన్లను ఆరేళ్లు నడుపుతున్న పద్ధతి మానేసి రెండేళ్లకు తగ్గిస్తామని 2023లో చెప్పారు. అంతకాలం వాడేవాళ్లు తక్కువ, మోసేవాళ్లు ఇంకా తక్కువ. కరెంటు సబ్‌స్టేషన్లు, రైళ్ల నియంత్రణ పరికరాలు తయారుచేసే కంపెనీలకు ఆరేళ్లు కూడా చాలవు. అందుకని సీమెన్స్, హిటాచీ, తోషిబా మరికొందరితో కలిసి 2016లోనే సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ పెట్టుకుని, కొన్ని ఎంపిక చేసిన వెర్షన్లను పదేళ్లకు పైగా తామే కాపాడుకుంటున్నాయి. టెండర్ల దగ్గర ఈ మూడూ ఒకదానికొకటి ఎదురుపడేవే. పూడిక ఎవరికి ఎక్కువ అడ్డమో వాళ్లే పార పట్టారు.

నా డాంగిల్ సంగతి. ఆమధ్య ల్యాప్‌టాప్‌లో కొత్త కెర్నెల్ ఎక్కించి, అలవాటు ప్రకారం ఫోన్ కేబుల్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. అవసరం పడలేదు, వైఫై దానంతటదే వచ్చింది. ఆ చిప్‌కు డ్రైవర్ కెర్నెల్‌లోనే చేరిపోయింది. ఎవరు రాశారో చూద్దామని మార్పుల చరిత్ర తెరిచాను. రాసింది ఆ చిప్ కంపెనీ కాదు. వేరే దేశంలో, చిన్న చిన్న పరికరాలకు లైనక్స్ పనులు చేసిపెట్టే సంస్థలోని ఇంజినీరు. చిప్ కంపెనీ మనిషి దాన్ని చదివి సరేనన్నాడు. కింద సంతకాలు వరుసగా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో చిరునామాతో. పాపను పిలిచి చూపించాను.